కోటగోడకు అవతల

ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో ఒక హాలు ఉండేది. చలికాలం ఆదివారం సాయంత్రాల్లో అక్కడ పురావస్తు ఉపన్యాసాలు జరిగేవి. ఎనభైల నడిమి మాట. కలకత్తా నుంచి ఎవరో ఒక ప్రొఫెసరు లోకల్ రైల్లో దిగేవారు. ఒక దీదీ హార్మోనియం పెట్టుకుని ప్రారంభగీతం పాడేది. వక్తకి శాలువా కప్పేవారు. ఆ తర్వాత లైట్లు ఆర్పి, గోడకి కట్టిన తెల్లగుడ్డ మీద స్లైడ్లు వేసేవారు. మట్టిబొమ్మలు, అరిగిపోయిన నాణేలు, నలుచదరంగా తవ్విన గుంటలు. చివర్లో మట్టికప్పుల్లో టీ, సమోసాలాంటి శింగాడా. మాటలన్నీ బెంగాలీలోనే, ఎప్పుడైనా ఇంగ్లీషులో.

నేను తెలుగు మీడియం బడిలో సోషల్ టీచర్ని. దగ్గరివాళ్ల పెళ్లిళ్లు ఎగ్గొట్టాను గానీ ఆ ఉపన్యాసాలు ఎగ్గొట్టలేదు. హాల్లో తెలుగు మనిషిని నేనొక్కదాన్నే. ఖరగ్‌పూర్లో ఏ సందు తిరిగినా తెలుగు వినపడుతుంది. గోల్‌బజార్లో చేపల బేరం తెలుగులో చెయ్యొచ్చు. రైల్వే వర్క్‌షాప్ సైరన్ మోగగానే గేట్లోంచి తోసుకొచ్చే సైకిళ్ల మీద ఎంతమంది మనవాళ్లో. కానీ ఆ హాలు గడప మాత్రం ఎవరూ తొక్కరు. అది బెంగాలీవాళ్ల చదువుల హాలు, మనకెందుకు అనేవారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది.

ఒక ఆదివారం వచ్చిన ప్రొఫెసరుగారు పాత కళింగం గురించి మాట్లాడారు. పెద్దాయన, ఏదైనా విడమరిచి చెప్పే మనిషి. బుద్ధుడి దంతాన్ని దాచి పూజించారని కథలు చెప్పే దంతపురం అనే నగరం గురించి చెబుతూ, "అది ఎక్కడో కాదు, మన దాంతన్ అని నా నమ్మకం. ఇక్కడ బాలాసోర్ వైపు రైలెక్కితే దారిలోనే దిగొచ్చు" అన్నారు. హాలంతా మురిసిపోయింది.

నేను మురిసిపోలేదు. దంతపురం శ్రీకాకుళం జిల్లాలో, ఆమదాలవలస దగ్గర ఉంది. మా అమ్మ పుట్టిల్లు ఆ కోటదిబ్బ పక్క ఊరే. వేసవి సెలవులకి వెళ్లినప్పుడల్లా ఆ మట్టిగోడ ఎక్కి గౌనులు చిరిగేలా కిందికి జారేవాళ్లం. తొక్కుడుబిళ్ల ఆటకి బిళ్లలు కావాలంటే దిబ్బమీదికి వెళ్లి కుండపెంకులు ఏరుకొచ్చేవాళ్లం. అలాంటిది మా దంతపురాన్ని తీసుకెళ్లి రైల్వే లైను పక్కన పెట్టేస్తారా?

ప్రశ్నల సమయంలో లేచి ఆ మాటే అడిగాను. ప్రొఫెసరుగారు కోప్పడలేదు. "ఆ వాదన కూడా బలమైనదేనమ్మా. రెండు చోట్లా తవ్వాల్సింది ఇంకా చాలా ఉంది" అన్నారు. నేను కూర్చోలేదు, ఇంకేదో అడిగాను, ఆ తర్వాత ఇంకేదో. అప్పుడు హాలు చూసుకునే కార్యదర్శి దాదా, రైల్వే అకౌంట్స్‌లో చేసి రిటైరైన మనిషి, మంకీక్యాపు సర్దుకుంటూ లేచి, "దీదీ, ఇంత పట్టుదల ఉంటే వచ్చే ఏడు మీరే చెప్పండి" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన సరదాకి అన్నాడు. నేను సరదాకి తీసుకోలేదు. టీ దగ్గర ఆయన్ని పట్టుకుని, "ఏ ఆదివారం దాదా?" అని అడిగాను.

ఆయన కప్పు పట్టుకుని నా వంక చూశాడు. "నిజంగానే చెబుతారా? సరే. బెంగాలీలోనా, ఇంగ్లీషులోనా?"

"తెలుగులో."

"తెలుగులోనా! వినేదెవరు?"

"మావాళ్లు."

"దీదీ, ఇన్నేళ్లలో ఈ హాల్లో మీవాళ్లంటే మిమ్మల్నే చూశాను." కాసేపు గడ్డం గోక్కున్నాడు. "కమిటీని ఒప్పించే బాధ్యత నాది. హాలు నింపే బాధ్యత మీది. కుర్చీలు ఖాళీగా ఉంటే మాత్రం ఇంకెప్పుడూ తెలుగు మాట నా దగ్గర ఎత్తకండి. నాకూ కమిటీలో మొహం ఉండాలి కదా."

ఒప్పుకున్నాను. అప్పట్నుంచి నాకు ఒకటే ధ్యాస. మనవాళ్లతో ఆ హాలు నింపాలి, మన భాషలో మన ఊరి సంగతి చెప్పాలి. ఆ ఒక్క ఉపన్యాసం పోతే ఆ తలుపు మనకి ఇక తెరుచుకోదు.

వేసవిలో అమ్మని తీసుకుని వాళ్ల ఊరు వెళ్లాను. తోటి టీచరు కెమెరా అరువు తెచ్చుకున్నాను. మట్టిగోడకి, దాని మీది తుప్పలకి, దున్నినప్పుడు పైకి తేలిన పెద్ద ఇటుకలకి ఫోటోలు తీశాను. మా మావయ్య భార్య ఎప్పుడో పొలంలో దొరికిన రంగుపూసలు మసాలా డబ్బాలో దాచుకుంది. అవి చాపమీద పోయించి వాటికీ తీశాను. "ఈ పిల్లకి ఏటో పట్టింది" అని మావయ్య ఊరంతా చెప్పుకున్నాడు. తిరిగొచ్చాక గోల్‌బజార్లో స్టూడియో ఆయన ఆ రీళ్లని కలకత్తా పంపించి స్లైడ్లు చేయించి డబ్బాలో పెట్టి ఇచ్చాడు.

ఆ తర్వాత మొదలైంది అసలు పని. దసరా సెలవులు అవ్వగానే ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాను. మనవాళ్లకి మైకు పెట్టి జరిగే సభలు మూడు రకాలే తెలుసు. గుడి దగ్గర హరికథ, చర్చి వాళ్ల సువార్త కూటం, వర్క్‌షాప్ దగ్గర యూనియన్ గేట్ మీటింగు. నాది ఈ మూడింట్లో దేనికిందికీ రాదు. "ప్రసాదం ఉంటాదా అమ్మా?" అని ఒకావిడ. "డిమాండ్లేటి?" అని ఒక ఫిట్టరు. గుడి కమిటీ పెద్ద "బుద్ధుడి గురించా, మనకెందుకమ్మా?" అన్నాడు. పాస్టరుగారు "విగ్రహాల గురించా తల్లీ?" అని అనుమానంగా చూశారు. ఇద్దరికీ ఒకటే జవాబు చెప్పాను. "కుండపెంకుల గురించండీ. కుండపెంకులకి మతం ఉండదు" అని. ఇద్దరూ నెమ్మదించారు.

ఇక అందరికీ చెప్పిన మాట మాత్రం ఒకటే. "మన ఊళ్ల గురించి చెబుతాను, రండి." ఈ మాటకి ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల దగ్గర ఎంత బలముందో బయటివాళ్లకి అర్థం కాదు. ఇక్కడ ఎవరైనా ఎవరినైనా కలిస్తే మొదటి ప్రశ్న "మీదే ఊరు?" అని. జవాబు ఖరగ్‌పూర్ అని ఎవరూ చెప్పరు. ఇక్కడే పుట్టి, ఇక్కడే అప్రెంటిస్ చేసి, ఇక్కడే రిటైరైన మనిషి కూడా "మాది టెక్కలి" అంటాడు. టెక్కలి ఎప్పుడైనా చూశారా అంటే చూడలేదు. తాత చూశాడు.

పూరీ గేట్ వైపు క్రిస్టియన్ కుటుంబాలు రావాలంటే సిస్టర్‌గారి దగ్గరికి వెళ్లాలి. ఆవిడ రైల్వే ఆస్పత్రిలో మేట్రన్‌గా చేసి రిటైరయ్యారు. అందరికీ సిస్టర్‌గారే. మా తరంలో ఆ వైపు పుట్టిన చాలామందిని ఈ లోకంలోకి లాగింది ఆవిడ చేతులే, నన్ను కూడా. గంజి పెట్టిన తెల్లచీర, ఎవరినైనా నిలబెట్టి అడిగేసే గొంతు. ఆవిడ ఊ అంటే ఆ వీధంతా ఊ అంటుంది. మా అమ్మకీ ఆవిడకీ నా చిన్నప్పట్నుంచీ స్నేహం. క్రిస్మస్‌కి వాళ్లింటి కేకు మా ఇంటికి, దసరాకి మా ఇంటి బూరెలు వాళ్లింటికి తప్పకుండా వెళ్లేవి.

"ఏటమ్మా, రాళ్లూ రప్పల మీటింగు పెడతన్నావంట?" అన్నారు నన్ను చూడగానే.

"రాళ్లు కాదు సిస్టర్‌గారూ, మన ఊళ్ల గురించి."

"మన ఊళ్లంటే?"

"శ్రీకాకుళం వైపు ఊళ్లు. మనం వచ్చిన ఊళ్లు."

ఆవిడ కళ్లజోడు తీసి చీరకొంగుతో తుడుచుకున్నారు. "వస్తాను. మావోళ్లని కూడా తోలుకొస్తాను. కానీ ఊరికే కూకోని ఇనేసి ఎల్లిపోయే మనిషిని కాను నాను. అడుగుతాను. అప్పుడు తెల్లమొకం ఎయ్యకూడదు."

"అడగండి" అన్నాను ధీమాగా. ఏం అడుగుతారులే, ఏ రాజు కట్టించాడు, ఎన్నేళ్ల కిందటిది, ఇంతే కదా అనుకున్నాను.

ఉపన్యాసం రోజు వచ్చింది. హాలు దగ్గరికి చేరేసరికి బయట సైకిళ్లు గోడ పొడుగునా ఆనించి ఉన్నాయి. రిక్షాల్లోంచి ఆడవాళ్లు పిల్లల్తో దిగుతున్నారు. ఓవర్‌టైము చేసి ప్యాంటుకి పెట్టిన సైకిలు క్లిప్పులు కూడా తియ్యకుండా వచ్చినవాళ్లున్నారు. కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. కార్యదర్శి దాదా పక్క క్లబ్బు నుంచి బెంచీలు మోయిస్తూ, నా పక్కనుంచి వెళ్తూ వెళ్తూ, "దీదీ, ఏం చేశారు మీరు!" అన్నాడు. ఆయన మొహంలో ఆ సంతోషం చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది. హార్మోనియం దీదీ బెంగాలీ పాట పాడితే మనవాళ్లు భక్తిగా చేతులు కట్టుకుని విన్నారు.

నేను చెప్పడం మొదలుపెట్టాను. మట్టిగోడ చూపించాను. ఇటుకలు చూపించాను. పూసల స్లైడు పడగానే ఆడవాళ్లలో కదలిక. "ఇదీ దంతపురం, ఇది మనది" అని గట్టిగా అన్నాను. ముందు వరుసలో కూర్చున్న బెంగాలీ పెద్దలకి అర్థం కాకపోయినా, దంతపురం అన్న పేరు అర్థమై చిన్నగా నవ్వుకున్నారు. మళ్లీ మట్టిగోడ స్లైడు వేయించి దాని గురించి ఇంకా చెప్పబోతుండగా లోడ్‌షెడ్డింగ్. మైకు పోయింది, ప్రొజెక్టరు పోయింది, హాలు చీకటైంది.

కరెంటు పోతే బెంగాలీ శ్రోతలు టీకి లేస్తారు. మనవాళ్లు లేవలేదు. ఆ చీకట్లో ఒక మగగొంతు, "అమ్మా, నరసన్నపేట రానేలేదే?" అంది.

నాకు అర్థం కాలేదు. ఇంకో గొంతు, "మాది టెక్కలండి, ఎప్పుడు సెప్తారు?" ఇంకో ఆడగొంతు, "ఓలమ్మ, సోంపేట ఒగ్గీసినావేటి?" ఇంక వరుసగా ఊళ్లే ఊళ్లు. పొందూరు, పలాస, గార, రణస్థలం. ఒకళ్లని మించి ఒకళ్లు అరుస్తున్నారు. అప్పుడు తెలిసింది నాకు. మన ఊళ్ల గురించి అని నేను చెప్పిన మాటకి, ఎవరి మటుకు వాళ్లు తమ ఊరి గురించే అనుకుని వచ్చారు. దంతపురం మధ్యలో వచ్చే ఒక స్టేషను, తమ ఊరు ముందుంది అనుకుని ఓపిగ్గా కూర్చున్నారు.

కార్యదర్శి దాదా లాంతరు పట్టుకుని పరుగున స్టేజీ ఎక్కాడు. "దీదీ, గొడవ చేస్తున్నారా? సభ ముగించేద్దామా?"

"గొడవ కాదు దాదా. వాళ్ల ఊళ్లు అడుగుతున్నారు."

"ఏ ఊళ్లు? అందరూ ఇక్కడివాళ్లే కదా!"

"మీరు లాంతరు అక్కడ పెట్టి కూర్చోండి. నేను దిగను."

మైకు లేకుండా నిలబడి, ఒక్కొక్కళ్ల ఊరు అడిగి, తెలిసింది తెలిసినట్టు చెప్పాను. గార అన్నవాళ్లకి శాలిహుండం కొండమీది ఇటుక స్తూపాల గురించి చెప్పాను. తెలియని ఊరికి "తెలీదు, ఇంకా ఎవరూ తవ్వలేదు" అన్నాను. దానికి ఎవరూ చిన్నబుచ్చుకోలేదు. తమ ఊరి పేరు పదిమందిలో, ఆ హాల్లో, పెద్దగా పలికితే చాలు వాళ్లకి. అలా ఎంతసేపు చెప్పానో నాకే తెలీదు, గొంతు బొంగురుపోయింది. నా జీవితంలో అంత సంతోషంగా నేను ఎప్పుడూ నిలబడలేదు.

అప్పుడు సిస్టర్‌గారు లేచారు. లాంతరు వెలుగులో ఆ తెల్లచీర అందరికీ కనపడింది. హాలు సద్దుమణిగింది.

"ఏవమ్మా, మట్టిగోడ బొమ్మ సూపించినావు. గోడ లోపల ఇటికలు సూపించినావు, పూసలు సూపించినావు. బాగున్నాయి. మావోళ్లు ఆ గోడకి ఏ పక్కన ఉండీవోరు?"

బెంగాలీవాళ్లకి తెలియకపోవచ్చు గానీ, తెలుగువాళ్లందరికీ ఆ ప్రశ్న ఏమిటో అర్థమైంది.

"మా తాతది మీ అమ్మోళ్ల ఊరి పక్కనే. ఊరంటే ఊరు కాదు, ఊరి బయట పేట. కాళ్లకి సెప్పులేసుకుని ఊళ్లోకి రానిచ్చీవోరు కాదంట. అందుకే రైలెక్కి ఇక్కడికొచ్చి వర్క్‌షాపులో బాయిలర్ల పనికి సేరినాడు. మన ఊరు, మన ఊరని అందర్నీ పిలిసినావు, వచ్చినాను. నీ డబ్బాలో మా బొమ్మ ఒకటీ నేదేటి?"

ఆవిడ గొంతులో కోపం లేదు. వార్డులో టెంపరేచర్ ఎంత అని అడిగినంత మామూలుగా అడిగారు. నా స్లైడ్ల డబ్బాలో ఆ బొమ్మ లేదు. గోడకి అవతల ఏముందో నాకే తెలీదు. చిన్నప్పుడు ఆ గోడమీంచి ఎన్నిసార్లు జారినా ఇటు వైపుకే జారాం.

"లేదండీ" అన్నాను. "వచ్చే ఏడు చూపిస్తాను."

"సూపిస్తావా, మాటకి అంటన్నావా?"

"చూపిస్తాను సిస్టర్‌గారూ."

"సరే" అని కూర్చున్నారు. ఇంతలో కరెంటొచ్చింది. అలవాటు ప్రకారం పిల్లలంతా హో అని అరిచారు. కార్యదర్శి దాదా నా చేతులు పట్టుకుని ఊపేస్తూ, "వచ్చే ఏడూ మీదే ఆదివారం" అన్నాడు. నేను పోరాడింది దీనికే. కానీ ఆ క్షణంలో నా మనసులో ఆ ప్రశ్న తప్ప ఇంకేమీ లేదు. దంతపురం ఇక్కడా, అక్కడా అన్న పోటీ చాలా చిన్నదైపోయింది.

రిక్షా ఎక్కాక అమ్మ కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. తర్వాత, "అందరిలో అలగ అడగాలేటి? ఇంటికొచ్చి అడగొచ్చు కదా" అంది.

"అడిగింది నిజమా కాదా?"

"నిజమే. కానీ అయ్యన్నీ ఇక్కడ నేవు. ఇక్కడ అందరివీ క్వార్టర్లే. అక్కడ ఏరు."

"ఎందుకు వేరు?"

"ఏరంతే. పేటవైపు మేమెప్పుడూ ఎల్లలేదు. ఎల్లకూడదు."

సిస్టర్‌గారి ఇంటి కేకు మాతో పాటు తిన్న మనిషి ఆ మాట అంటుంటే నాకు పిచ్చికోపం వచ్చింది. అమ్మతో ఇల్లు చేరేదాకా పోట్లాడుతూనే ఉన్నాను. రిక్షా దాదా వెనక్కి తిరిగి, "క్యా హువా మాసీ?" అని కూడా అడిగాడు.

మళ్లీ వేసవి వచ్చింది. మళ్లీ కెమెరా అరువు తెచ్చుకున్నాను. "అటేటుంది? ఏటీ నేదు, పేట ఉన్నాది. మనం ఎల్లం" అన్నాడు మావయ్య. ఒక్కదాన్నే బయల్దేరాను. మట్టిగోడకి ఒకచోట గండి ఉంది. అందులోంచి దిగితే తాటిచెట్లు, చిన్న పెంకుటి చర్చి, దాని చుట్టూ మట్టి ఇళ్లు. ఒక పెద్దావిడ అరుగుమీద చేటలో బియ్యం బాగుచేస్తోంది. నన్ను చూసి గబుక్కున లేచి నిలబడి, "ఎవరమ్మగారూ, దారి తప్పినారేటి?" అంది. కూర్చోమంటే కూర్చోలేదు. నేను కింద కూర్చున్నాక అప్పుడు కూర్చుంది. ఖరగ్‌పూర్ నుంచి వచ్చానని, పాత కుండపెంకులు చూడాలని చెప్పాను.

ఆవిడ పకపకా నవ్వింది. "సూడాలంటే నెతకాలేటి? మా గోడల నిండా అయ్యే."

లేచి చూశాను. ఆ ఇంటి మట్టిగోడ నిండా ఎర్రటి, నల్లటి పెంకుముక్కలు. పక్కింటి గోడకీ అంతే. చర్చి వెనక గుంటలోంచి మట్టి తవ్వి తరాలుగా గోడలు పెట్టుకుంటున్నారు. ఆ మట్టితో పాటే పాతకాలపు పెంకులన్నీ వాళ్ల గోడల్లోకి ఎక్కాయి. నేను మ్యూజియం అద్దాల వెనక చూసేవాటిని వీళ్లు ఆనుకుని పడుకుంటున్నారు.

గుంటలోకి దిగాను. చాకుతో ఒక పక్క చెక్కి శుభ్రం చేస్తే నేలకింద నల్లటి బూడిద పొర, అందులో మసిపట్టిన కుండ అడుగులు, కాలి ఎర్రబడిన మట్టి. ఎవరిదో పొయ్యి. కొలత తెలియడానికి నా దువ్వెన పక్కన పెట్టి ఫోటోలు తీశాను. చెమటతో కెమెరా జారిపోతోంది. అంత ఆనందంలో కూడా నాకు ఒకటే దుఃఖం, ఇంతకాలం ఇక్కడికి ఎవరూ ఎందుకు రాలేదు అని.

మర్నాడు నేను బయల్దేరుతుంటే అమ్మ గొడుగు పట్టుకుని వెనకాలే వచ్చింది. ఎందుకని నేను అడగలేదు. గండి దగ్గర ఆగిపోయింది. నేను దిగి చూస్తే ఇంకా అక్కడే నిలబడి ఉంది. పుట్టి పెరిగిన ఊరికి కూతవేటు దూరం, అక్కడ ఆవిడ పాదం ఎప్పుడూ పడలేదు. "రా అమ్మా" అన్నాను. మెల్లగా, మట్టి జారుతుంటే కొమ్మ పట్టుకుని దిగింది. అరుగుమీది పెద్దావిడ స్టీలుగ్లాసుతో నీళ్లు తెచ్చి, ఇవ్వాలో వద్దో తెలియక ఆగింది. అమ్మ చెయ్యి చాచి తీసుకుని తాగేసింది. ఖాళీ గ్లాసు తిరిగిచ్చి, "నీ కోడళ్లెక్కడున్నారు, పొలానికెళ్లినారేటి?" అని అడిగింది. ఇద్దరూ మాటల్లో పడ్డారు. నేను గుంటలోకి దిగిపోయాను.

గోడ లోపలి పెంకులు కొన్ని, బయటి గుంటలోవి కొన్ని మూటగట్టుకుని వర్షాకాలంలో కలకత్తా వెళ్లాను. నేరుగా ఆ ప్రొఫెసరుగారి దగ్గరికే. నాతో వాదించిన మనిషి ఒప్పుకుంటేనే నాకు నమ్మకం. ఆయన భూతద్దం పెట్టి, అంచులు తడిమి, రెండు మూటలూ చాలాసేపు చూశారు. "రెండూ ఒకే రకం, ఒకే కాలంవి. ఇందులో నాకు సందేహం లేదు" అన్నారు. బయటిది ఎక్కడ దొరికిందో చెప్పాను. ఆయన భూతద్దం కింద పెట్టి, "ఇది తప్పకుండా చెప్పాలమ్మా" అన్నారు.

చెప్పడం మాత్రం అంత తేలిగ్గా సాగలేదు. కార్యదర్శి దాదా నన్నూ ప్రొఫెసరుగారినీ ఒకే స్టేజీ ఎక్కించి దంతపురం ఎక్కడ అని వాదన పెడదామన్నాడు, హాలు కిక్కిరిసిపోతుందని. నేను ఒప్పుకోలేదు. ఇంతలో నేను పేటకి వెళ్లిన సంగతి ఊరినుంచి ఉత్తరాల్లో ఇక్కడికి పాకింది. మా బంధువుల్లో ఒక పెద్దమనిషి ఇంటికొచ్చి కూర్చున్నాడు. వరసకి నాకు పెదనాన్న.

"అయ్యన్నీ ఇప్పుడెందుకమ్మా? కోట సూపించినావు, బాగున్నాది, అందరం తలెత్తుకున్నాం. ఇప్పుడు పేట సూపిస్తే బెంగాలీవోళ్ల ముందు మన పరువేటవ్వాలి?"

"పరువు పోయే పని పేటవాళ్లు చెయ్యలేదు కదా పెదనాన్నా."

"ఎటకారాలొద్దు. అదే సూపిస్తానంటే మావోళ్లెవరూ రారు."

"రాకపోతే మానండి" అన్నాను.

అనేశాను గానీ నిద్ర పట్టలేదు. పోయినేడు హాలు నింపింది సగం వాళ్లే. కుర్చీలు ఖాళీగా ఉంటే తెలుగు మాట ఎత్తొద్దన్న షరతు దాదా మర్చిపోయి ఉండొచ్చు, కమిటీ మర్చిపోదు. మార్చి చెబుదామా, కోట గురించి ముందు చెప్పి పేట గురించి చివర్లో ఒక మాట అందామా అని ఒకటి రెండుసార్లు అనిపించింది కూడా. అమ్మని అడిగితే, "ఆవిడకి మాటిచ్చింది నువ్వా, నేనా?" అని పప్పు తిరగమోత పెట్టుకుంటూ అంది. ఇంక ఆలోచించలేదు.

ఆ ఆదివారం సాయంత్రం పోయినేడు మా బంధువులు కూర్చున్న వైపు చాలా కుర్చీలు ఖాళీ. మిగతా హాలు నిండింది. టెక్కలివాళ్లు, సోంపేటవాళ్లు తమ ఊరు ఈసారైనా వస్తుందేమోనని వచ్చారు. పూరీ గేట్ వైపు నుంచి చర్చి మొత్తం వచ్చినట్టుంది. ప్రొఫెసరుగారు కలకత్తా నుంచి వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. పాట అవుతుండగా పెదనాన్న, ఇంకొంతమంది వచ్చి, ఖాళీ వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నారు. వినడానికి వచ్చారో, నన్ను ఆపడానికి వచ్చారో తెలీదు.

మొదటి స్లైడే పేటది వేశాను. ఆ పెద్దావిడ ఇంటిగోడ, గోడనిండా పెంకులు. ఆ తర్వాత గుంట, బూడిద పొర, పక్కన నా దువ్వెన. చివరిది రెండు పెంకుముక్కలు పక్కపక్కన. పెదనాన్న వైపు నుంచి ఎవరో గట్టిగా దగ్గారు. నేను ఆగలేదు.

"ఈ పొయ్యి ఎవరిదో, వాళ్ల పేరేమిటో, వాళ్లని ఎవరు ఏమని పిలిచేవారో కుండపెంకులు చెప్పవు. తెలియనిది తెలుసని నేను చెప్పను. తెలిసింది చెబుతాను. ఈ ముక్క కోటగోడ లోపలిది. ఈ ముక్క గోడ బయట, పేటలోది. రెండూ ఒకే మట్టి, ఒకే కాలం. లోపల అన్నం ఉడికిన రోజుల్లోనే బయటా అన్నం ఉడికింది. పేట ఉన్న నేల ఎవరో దయతలిచి నిన్నమొన్న ఇచ్చింది కాదు. ఊరు ఎంత పాతదో పేటా అంత పాతదే."

సిస్టర్‌గారు మూడో వరుసలో ఉన్నారు. నిజం చెప్పాలంటే, ఆవిడ ఏడుస్తారేమో అనుకున్నాను. ఏడవలేదు. నిటారుగా కూర్చుని తెరవైపే చూస్తున్నారు.

"మళ్లీ సెప్పు" అన్నారు.

మళ్లీ చెప్పాను. ఈసారి ఆవిడ వైపు కాదు, మా పెదనాన్న వాళ్లు కూర్చున్న వరుసల వైపు తిరిగి, ఒక్క మాట కూడా తగ్గించకుండా చెప్పాను.